ఉమ్మనీరు ముందే పోయే ముప్పును రక్త పరీక్ష పసిగడుతుందా? బషీరాబాద్ గర్భిణికి అసలు కావాల్సింది ఏంటి?

నెలలు నిండకముందే ఉమ్మనీరు పోవడం.. గర్భిణిని, ఆమె ఇంటివాళ్లను ఒక్కసారిగా హడలెత్తించే పరిస్థితి ఇది. ఈ ముప్పును చూపించే సంకేతాలు రక్తంలోనే ఉన్నాయంటూ కొన్నేళ్లుగా వైద్య పత్రికల్లో అధ్యయనాలు వరుసగా వస్తున్నాయి. ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు, మామూలు సీబీపీ, సీఆర్‌పీ రిపోర్టులతోనే పని జరిగిపోతుందన్న ఆశ వీటి వెనక ఉంది.

మరి వికారాబాద్ జిల్లా చివర, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న బషీరాబాద్ లాంటి మండలానికి ఈ పరీక్షలు నిజంగా అక్కరకొస్తాయా? సూటిగా చెప్పాలంటే, సంచి పగలబోతోందని రక్తం నమ్మకంగా చెప్పలేదు. పగిలిన తర్వాత ఇన్ఫెక్షన్ ముదురుతోందా లేదా అన్నది తేల్చుకోవడానికి మాత్రం సాయపడుతుంది. ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోతే రిపోర్టు కోసం ఎదురుచూస్తూ విలువైన గంటలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

అసలు ఏం జరుగుతుంది?

కడుపులో బిడ్డ ఉమ్మనీటిలో తేలుతూ ఉంటుంది. ఆ నీటిని పట్టి ఉంచే సంచికి రెండు పొరలు ఉంటాయి. లోపలిది ఆమ్నియన్, బయటిది కోరియాన్. ఈ పొరలకు బలం ఇచ్చేది కొలాజెన్ అనే ప్రొటీన్. మామూలుగా పురిటి నొప్పులు మొదలయ్యాకే ఈ సంచి పగులుతుంది. నొప్పులు రాకముందే పగిలితే దాన్ని వైద్యులు ‘ప్రోమ్’ అంటారు. 37 వారాలు నిండకముందే అలా జరిగితే ‘పీప్రోమ్’ అంటారు.

నెలలు నిండిన గర్భిణుల్లో సుమారు 8 శాతం మందికి నొప్పుల కంటే ముందే నీరు పోతుంది. వీళ్లలో ఎక్కువమందికి 24 గంటల్లోపే నొప్పులు వస్తాయి. అసలు భయం పీప్రోమ్‌తోనే. మొత్తం గర్భిణుల్లో ఇది 2 నుంచి 3 శాతం మందికే వచ్చినా, నెలలు నిండని కాన్పుల్లో దాదాపు మూడో వంతుకు ఇదే కారణం. ఒకసారి సంచి పగిలితే కనీసం సగం మందికి వారంలోపే కాన్పు అయిపోతుంది.

ఇది చిన్న సమస్య కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 1.34 కోట్ల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారని 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా చెబుతోంది. అందులో 30 లక్షల మందికి పైగా భారత్‌లోనే పుట్టారు. అంటే దేశంలో పుట్టే ప్రతి వంద మందిలో 13 మంది నెలలు నిండని పిల్లలే.

రక్తంలో ఏం వెతుకుతున్నారు?

సంచి ముందే పగలడానికి చాలాసార్లు ఇన్ఫెక్షనో, వాపో కారణం అవుతుంది. కింది నుంచి క్రిములు పైకి పాకితే శరీరం వాటితో పోరాటానికి దిగుతుంది. ఆ పోరాటంలో పుట్టే రసాయనాలు కొన్ని ఎంజైములను ఉసిగొల్పుతాయి. ఆ ఎంజైములు పొరలోని కొలాజెన్‌ను కొరికేస్తాయి. పొర పలచబడి, చివరికి చిరుగుతుంది.

లోపల పోరాటం జరుగుతుంటే దాని జాడ తల్లి రక్తంలోనూ కనిపించాలి కదా.. పరిశోధకుల ఆలోచన ఇదే. అందుకే ప్రధానంగా కొన్ని అంశాలను పరిశీలిస్తున్నారు.

మొదటిది తెల్ల రక్తకణాల సంఖ్య. ఇన్ఫెక్షన్ ఉంటే ఇది పెరుగుతుంది. రెండోది సీఆర్‌పీ. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా కాలేయం ఈ ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. మూడోది ఎన్‌ఎల్‌ఆర్. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ ఎన్ని, లింఫోసైట్స్ ఎన్ని అని చూసి మొదటి దాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే నంబర్ ఇది. దీనికి వేరే పరీక్ష అక్కర్లేదు, డిఫరెన్షియల్ కౌంట్ ఉన్న సీబీపీ రిపోర్టు చాలు. ప్లేట్‌లెట్లతో చేసే ఇలాంటి లెక్క, ప్లేట్‌లెట్ల సగటు పరిమాణం, ప్రోకాల్సిటోనిన్, ఇంటర్‌ల్యూకిన్-6 కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

సంచి ముందే పగిలిన గర్భిణుల్లో ఈ నంబర్లు సగటున ఎక్కువగా ఉంటున్నాయని టర్కీ, చైనా సహా పలు దేశాల అధ్యయనాలు చూపించాయి. ఇక్కడ ‘సగటున’ అన్న మాటే కీలకం. రెండు గుంపుల సగటులో తేడా ఉన్నంత మాత్రాన ఎదురుగా కూర్చున్న ఒక్క గర్భిణి ఏ గుంపులోకి వస్తుందో చెప్పడం కుదరదు. చాలామంది నంబర్లు రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంటాయి.

ముందే చెప్పగలవా? లెక్క వేసి చూస్తే..

ఒక ఉదాహరణ తీసుకుందాం. వెయ్యి మంది గర్భిణులు ఉన్నారనుకోండి. వాళ్లలో 3 శాతం.. అంటే 30 మందికి నెలలు నిండకముందే ఉమ్మనీరు పోతుంది. మిగతా 970 మందికి అలా జరగదు. ఇప్పుడు ముప్పు ఉన్నవాళ్లలో వందకు 70 మందిని పట్టుకునే, ముప్పు లేనివాళ్లలోనూ వందకు 70 మందికి ‘ఏమీ లేదు’ అని సరిగ్గా చెప్పే రక్త పరీక్ష ఒకటి ఉందనుకుందాం. వినడానికి బాగానే ఉంది.

కానీ ఆ పరీక్ష 30 మందిలో 21 మందినే పట్టుకుంటుంది. 9 మందికి ‘అంతా బాగుంది’ అని తప్పుడు భరోసా ఇస్తుంది. ఇంకోవైపు, ఏ ముప్పూ లేని 970 మందిలో 291 మందికి ‘ప్రమాదం ఉంది’ అని చెబుతుంది. మొత్తంగా 312 మందికి భయపెట్టే రిపోర్టు వస్తే, అందులో నిజంగా ముప్పు ఉన్నది 21 మందికి. అంటే వందకు ఏడుగురు కూడా లేరు.

ఆ 291 మంది పరిస్థితి ఏంటి? అనవసరమైన యాంటీబయాటిక్స్, మళ్లీ మళ్లీ పరీక్షలు, హైదరాబాద్ ప్రయాణాలు, కూలి పని మానేసి ఇంట్లో కూర్చోవడం. అసలు రిపోర్టు ‘పాజిటివ్’ వచ్చినా సంచి పగలకుండా ఆపే మందు లేదు. పట్టుకున్నాక చేయగలిగింది పెద్దగా లేనప్పుడు, అందరికీ ఆ పరీక్ష చేయడంలో అర్థం ఉండదు. ఈ మార్కర్లను గర్భిణులందరికీ స్క్రీనింగ్ పరీక్షగా చేయాలని ప్రధాన వైద్య మార్గదర్శకాలేవీ చెప్పకపోవడానికి కారణం ఇదే.

ఒకటే నంబర్.. వంద కారణాలు

ఇంకో చిక్కు కూడా ఉంది. గర్భం దాల్చడమే ఈ నంబర్లను మార్చేస్తుంది. మామూలు మనిషికి తెల్ల రక్తకణాలు సుమారు 4 వేల నుంచి 11 వేల దాకా ఉంటాయి. నెలలు పెరిగిన గర్భిణిలో 15, 16 వేలు ఉన్నా అది సహజమే కావచ్చు. నొప్పులు మొదలైతే ఇంకా పెరుగుతాయి. ల్యాబ్ రిపోర్టులో మాత్రం ‘నార్మల్ రేంజ్’ అని మామూలు వాళ్ల లెక్కే ప్రింట్ అయి ఉంటుంది. పక్కన నల్లటి అక్షరాల్లో ‘హై’ అని చూసి ఇంటిల్లిపాదీ కంగారు పడతారు.

సీఆర్‌పీ కూడా అంతే. పంటి చిగుళ్ల వాపు, మూత్రంలో ఇన్ఫెక్షన్, దగ్గు, జ్వరం.. ఏదున్నా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ ఉందని చెబుతుంది కానీ ఎక్కడ ఉందో చెప్పదు.

ఇక ఆసుపత్రిలో ఎదురయ్యే ముఖ్యమైన తిరకాసు స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో వస్తుంది. బిడ్డ ఊపిరితిత్తులు బలపడాలని నెలలు నిండని గర్భిణికి వీటిని ఇస్తారు. ఇచ్చిన 24 గంటల్లో తెల్ల రక్తకణాలు పెరుగుతాయి. మూడు రోజుల తర్వాత మామూలు స్థాయికి వస్తాయి. ఆ మధ్యలో రక్తం తీసి చూస్తే ఇన్ఫెక్షన్ ఉన్నట్టే కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఎప్పుడు ఇచ్చారో కేస్ షీట్‌లో రాసి లేకపోతే, తర్వాత డ్యూటీకి వచ్చిన డాక్టర్ ఆ నంబర్‌ను తప్పుగా చదివే అవకాశం ఉంటుంది.

మరి ఈ పరీక్షలు ఎక్కడ పనికొస్తాయి?

సంచి పగిలిన తర్వాత. అప్పుడు వైద్యుల ముందు ఒకటే ప్రశ్న. బిడ్డను ఇంకొన్ని రోజులు కడుపులోనే ఉంచాలా? వెంటనే కాన్పు చేయాలా? ఉంచితే బిడ్డ ఎదుగుతుంది. కానీ సంచి తెరుచుకుని ఉంది కాబట్టి క్రిములు లోపలికి వెళ్లొచ్చు. ఇన్ఫెక్షన్ ముదిరితే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదకు వస్తుంది.

ఈ నిర్ణయానికి రక్త పరీక్షలు ఒక ఆధారం. ఒక్కటే ఆధారం కాదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ విషయం స్పష్టంగా ఉంది. తల్లి పరిస్థితి, సీఆర్‌పీ, తెల్ల రక్తకణాలు, బిడ్డ గుండె చప్పుడు.. వీటన్నిటినీ కలిపి చూడాలి. ఏ ఒక్కదాన్నీ విడిగా పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు.

అందులోనూ ఒక్క రిపోర్టు కంటే వరుస రిపోర్టులకు విలువ ఎక్కువ. నిన్న 8 ఉన్న సీఆర్‌పీ ఇవాళ 30, రేపు 60 అయితే అది హెచ్చరిక. మొదటి నుంచీ 12 దగ్గరే కదలకుండా ఉంటే అంత కంగారు అక్కర్లేదు. అలాగని నంబర్ బాగుందని జ్వరాన్ని, వేగంగా కొట్టుకునే నాడిని, పొత్తికడుపు నొప్పిని, వాసన వచ్చే నీటిని పట్టించుకోకపోతే అది ఇంకా పెద్ద తప్పు. ఒక థర్మామీటరు, నాడి చూసే చెయ్యి, బిడ్డ గుండె చప్పుడు వినే పరికరం.. ఇవి ఈ రోజుకీ రక్త పరీక్షలతో సమానమైన ఆయుధాలే.

పోయింది ఉమ్మనీరేనా? అది చెప్పేదీ రక్తం కాదు

చాలామంది గర్భిణులు అయోమయపడేది ఇక్కడే. సంచి పగిలితే సినిమాల్లో చూపించినట్టు ఒక్కసారిగా నీళ్లు ధారగా పోతాయని అనుకుంటారు. కొందరికి అలాగే జరుగుతుంది. కానీ చాలామందికి కొద్దికొద్దిగా, చుక్కలు చుక్కలుగా పోతుంది. నెలలు పెరిగాక మూత్రం ఆపుకోలేకపోవడం, తెల్లబట్ట ఎక్కువ కావడం మామూలే కాబట్టి అదే అనుకుని ఊరుకుంటారు. కంది చేలో, నాపరాయి గనుల దగ్గర పనిచేసే ఆడవాళ్లకైతే తడి ఎందుకు వచ్చిందో గమనించే తీరిక కూడా దొరకదు.

దీన్ని తేల్చే పద్ధతి ఆసుపత్రిలోనే ఉంది. శుభ్రమైన స్పెక్యులమ్‌తో డాక్టర్ లోపల నీరు చేరిందేమో చూస్తారు. అనుమానం ఉంటే ప్రత్యేకమైన కాగితంతో ఆ తడిని పరీక్షిస్తారు. ఉమ్మనీటికి క్షార గుణం ఉంటుంది కాబట్టి కాగితం నీలం రంగుకు మారుతుంది. గాజు పలక మీద ఆరబెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తే ఫెర్న్ ఆకుల్లాంటి గీతలు కనిపిస్తాయి. ఉమ్మనీటిలో మాత్రమే ఎక్కువగా ఉండే ప్రొటీన్లను పట్టుకునే కిట్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. అయితే ఈ కిట్ల ఫలితం ఒక్కదాని మీదే ఆధారపడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో వైద్యులను హెచ్చరించింది.

ఇంకో మాట. నొప్పులు లేనప్పుడు చేతివేళ్లతో పదే పదే లోపల పరీక్ష చేయకూడదు. అలా చేసిన కొద్దీ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఊళ్లో ‘చూసి చెబుతా’ అనేవాళ్ల దగ్గరకు కాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లమని చెప్పేది అందుకే.

బషీరాబాద్‌లో దూరమే అసలు సమస్య

ఇప్పుడు ఇదంతా బషీరాబాద్ మండలానికి అన్వయిస్తే అసలు సమస్య ఎక్కడుందో తెలుస్తుంది. ఇక్కడి వాళ్లకు దగ్గరి పట్టణం తాండూరు. జిల్లా ఆసుపత్రి, మాతాశిశు ఆసుపత్రి అక్కడే ఉన్నాయి. సరిహద్దు పల్లెల వాళ్లలో కర్ణాటకలోని సేడం వైపు వెళ్లేవాళ్లూ ఉన్నారు. బిడ్డ మరీ చిన్నదైతే హైదరాబాద్‌లోని నీలోఫర్ లాంటి పెద్దాసుపత్రే దిక్కు. తాండూరు నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లకు పైనే.

రక్త పరీక్షల విషయంలో రాష్ట్రం ముందడుగు వేసిన మాట నిజం. 2018లో హైదరాబాద్‌లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్‌ను 2021లో జిల్లాలకు విస్తరించారు. ఆ జాబితాలో వికారాబాద్ కూడా ఉంది. పీహెచ్‌సీలో రక్తం తీసి, వాహనంలో జిల్లా హబ్‌కు పంపి, రిపోర్టును తిరిగి పంపడం ఈ పద్ధతి. సాధారణ గర్భిణీ పరీక్షలకు ఇది చక్కగా సరిపోతుంది. ప్రైవేటు ల్యాబ్ ఖర్చు తప్పుతుంది.

కానీ ఉమ్మనీరు పోయిన గర్భిణికి ఈ పద్ధతి సరిపోదు. శాంపిల్ వాహనం వచ్చేదాకా ఆగి, అది హబ్‌కు చేరి, రిపోర్టు వచ్చేసరికి ఒక రోజు గడిచిపోవచ్చు. ఆమెకు ఆ రోజు చాలా విలువైనది. కాబట్టి సూత్రం ఒక్కటే. నీరు పోయిందన్న అనుమానం వస్తే శాంపిల్ కాదు, మనిషి కదలాలి. రక్తం ఎక్కడ చేరితే అక్కడే తీస్తారు.

రాష్ట్రం మొత్తం మీద చూస్తే కాన్పుల్లో 97 శాతం ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. 2018-20 లెక్కల ప్రకారం తెలంగాణలో ప్రసూతి మరణాలు లక్షకు 43కు తగ్గాయి. 2020లో ఏడాదిలోపు శిశు మరణాలు వెయ్యికి 21. అంటే ఆసుపత్రికి వెళ్లాలన్న విషయం ఇంటింటికీ తెలుసు. ఇక మిగిలింది.. ఎప్పుడు బయల్దేరాలి, ఏ ఆసుపత్రికి వెళ్లాలి అన్న రెండు ప్రశ్నలు. పీప్రోమ్‌లో ప్రాణాలు నిలిపేవి ఆ రెండే.

ఎన్ని వారాలు? దాన్ని బట్టే వైద్యం

సంచి పగిలినప్పుడు డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్నో వారం’ అని. 37 వారాలు నిండితే సాధారణంగా కాన్పు వైపే వెళ్తారు. 34 నుంచి 37 వారాల మధ్య అయితే తల్లీబిడ్డల పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. ఇన్ఫెక్షన్ లేకపోతే జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటూ వేచి చూడొచ్చని 11 దేశాల్లో 1,839 మంది గర్భిణులతో జరిగిన, 2016లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

34 వారాల లోపు అయితే ప్రతి రోజూ విలువైనదే. ఇక్కడ రెండు మందులు కీలకం. ఒకటి యాంటీబయాటిక్. 4,826 మంది గర్భిణులతో చేసి 2001లో ప్రచురించిన ‘ఒరాకిల్’ అధ్యయనంలో ఎరిత్రోమైసిన్ వల్ల మేలు కనిపించింది. అదే కో-అమాక్సిక్లావ్ వాడినప్పుడు పుట్టిన పిల్లల్లో పేగులు దెబ్బతినే జబ్బు ఎక్కువైంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పీప్రోమ్‌లో ఎరిత్రోమైసిన్‌నే సూచిస్తూ, కో-అమాక్సిక్లావ్ వద్దంటోంది. మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా కూడా చేతికొచ్చే మందు అది. ‘ఇన్ఫెక్షన్ రాకుండా నాలుగు గోళీలు’ అని ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చేది అదే అయితే మేలు కంటే కీడు ఎక్కువ.

రెండోది డెక్సామెథసోన్. 12 గంటలకోసారి 6 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు డోసులు. భారత్ సహా ఐదు దేశాల్లో 2,852 మంది గర్భిణులతో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. ఈ మందు ఇచ్చినప్పుడు నవజాత శిశువుల మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. 24 నుంచి 34 వారాల మధ్య ముందస్తు కాన్పు ముప్పు ఉంటే, పెద్దాసుపత్రికి పంపే ముందు ఏఎన్ఎం కూడా మొదటి డోసు ఇవ్వొచ్చని కేంద్రం 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇన్ఫెక్షన్ స్పష్టంగా కనిపిస్తుంటే మాత్రం ఇవ్వకూడదు. ఈ మందు చాలా చవక. దాని ఫలితం మాత్రం వారాల లెక్క సరిగ్గా తెలియడం మీద, సమయానికి ఇవ్వడం మీద, తర్వాత బిడ్డను చూసుకునే వసతి మీద ఆధారపడి ఉంటుంది.

వారాల లెక్క కావాలంటే మొదటి మూడు నెలల్లోనే స్కానింగ్ జరిగి ఉండాలి. ఆ కాగితం దగ్గర ఉండాలి. ‘ఏడో నెలో ఎనిమిదో నెలో’ అంటే వైద్యం గుడ్డిగా సాగుతుంది.

ఉన్న పరీక్షలతోనే చేయగలిగినవి

కొత్త మార్కర్ కోసం ఎదురుచూడకుండానే ఇప్పుడున్న పరీక్షలతో చేయగలిగింది చాలా ఉంది.

మొదటిది, తొలి నెలల్లోనే తీసిన సీబీపీ రిపోర్టును తల్లీబిడ్డల కార్డులో రాసి ఉంచడం. హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, తెల్ల రక్తకణాల సంఖ్య కూడా. రేపు ఆసుపత్రిలో 14 వేలు వచ్చిందంటే, ఆమెకు అది ఎప్పుడూ ఉండేదా, కొత్తగా పెరిగిందా అన్నది ఆ పాత నంబర్ చెబుతుంది. ఇది సరిహద్దు మండలానికి మరీ ముఖ్యం. అటు ఇటు సంబంధాలు కలుపుకునే ఊళ్లివి. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. పరీక్షలు ఒక రాష్ట్రంలో, కాన్పు ఇంకో రాష్ట్రంలో. కంప్యూటర్‌లో ఉన్న రిపోర్టు సరిహద్దు దాటకపోవచ్చు. చేతిలో ఉన్న కార్డు దాటుతుంది.

రెండోది మూత్ర పరీక్ష. లక్షణాలేవీ లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉండే గర్భిణులు ఉంటారు. పట్టుకుంటే వారం రోజుల మందుతో నయం చేయొచ్చు. నెలలు నిండకుండా కాన్పు అయ్యే ముప్పును తగ్గించగలిగే అతి కొద్ది పరీక్షల్లో ఇది ఒకటి.

మూడోది రక్తహీనత. తెలంగాణ గర్భిణుల్లో 53 శాతం మందికి రక్తహీనత ఉందని అదే సర్వే తేల్చింది. సమస్య ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాలను ఎంచుకుని 2022 డిసెంబర్‌లో న్యూట్రిషన్ కిట్ల పంపిణీ మొదలుపెట్టినప్పుడు వికారాబాద్ అందులో ఉంది. రక్తం తక్కువున్న తల్లి ఇన్ఫెక్షన్‌నూ, కాన్పులో రక్తస్రావాన్నీ తట్టుకోవడం కష్టం. సంచి ఎందుకు పగిలిందన్నది పక్కనపెడితే, పగిలాక ఆమె ఎంత బలంగా నిలబడుతుందో ఈ నంబర్ చెబుతుంది.

నాలుగోది అసలు పరీక్షే కాదు. ‘ముందు కాన్పులో నెలలు నిండకుండా నీరు పోయిందా?’ అన్న ప్రశ్న. ముప్పును సూచించే వాటిలో దీనికి పెద్ద చోటు ఉంది. కవలలు, గర్భంలో ఉండగా రక్తస్రావం, పొగతాగడం, మరీ తక్కువ బరువు, గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉండటం కూడా ఈ జాబితాలో ఉన్నాయి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు అడిగి రాసుకోగలిగినవే ఇందులో చాలా ఉన్నాయి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్’ కింద డాక్టర్ గర్భిణులను చూస్తారు. ముప్పు ఎక్కువున్న వాళ్లను గుర్తించడానికి అదే సరైన చోటు.

ఇంట్లో వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి

* తడి ఆగకుండా వస్తుంటే శుభ్రమైన పొడి బట్ట లేదా ప్యాడ్ పెట్టుకుని, రంగు, వాసన గమనించాలి. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకోవాలి. డాక్టర్ మొదట అడిగేది అదే.
* నొప్పులు రాలేదని ఇంట్లో ఆగొద్దు. 108కు ఫోన్ చేయాలి.
* పచ్చగా లేదా గోధుమ రంగులో నీరు, దుర్వాసన, జ్వరం, రక్తం, బిడ్డ కదలిక తగ్గడం.. వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చేయకూడదు.
* భార్యాభర్తలు కలవకూడదు. లోపలికి ఏ మందూ, గుడ్డా పెట్టకూడదు.
* తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ కాగితాలు, పాత రక్త పరీక్షల రిపోర్టులు వెంట తీసుకెళ్లాలి.
* సొంతంగా యాంటీబయాటిక్ వేసుకోవద్దు.

పరిశోధన దండగా? కాదు

ఇంత చెప్పాక ఈ అధ్యయనాలన్నీ వృథా అనుకుంటే పొరపాటు. నెలలు నిండని కాన్పును ముందే పసిగట్టే దారి దొరికితే లక్షల మంది పిల్లలకు మేలు. మన దేశంలోనూ ఆ పని సాగుతోంది. గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రి కేంద్రంగా 2015లో మొదలైన ‘గర్భ్-ఇని’ అధ్యయనంలో వేల మంది గర్భిణులను తొలి నెలల నుంచి కాన్పు దాకా వెంట ఉండి పరిశీలిస్తున్నారు. రక్తం లాంటి నమూనాలు వేర్వేరు నెలల్లో తీసి భద్రపరుస్తున్నారు. సంచి పగిలాక ఒక్కసారి రక్తం తీసి పోల్చే చిన్న అధ్యయనాల కంటే ఇలాంటివాటికి బలం ఎక్కువ. ఎందుకంటే, పగలకముందు రక్తం ఎలా ఉందో వీటికి తెలుసు. వాపు వల్ల సంచి పగిలిందా, సంచి పగిలాక వాపు వచ్చిందా అన్న చిక్కుముడి విప్పగలిగేది ఇవే.

అప్పటిదాకా ‘ఈ ఒక్క పరీక్షతో ముందే తెలిసిపోతుంది’ అని ప్యాకేజీలు అమ్మేవాళ్ల మాట నమ్మి డబ్బు పోసుకోవాల్సిన పని లేదు. ప్రభుత్వం వైపు నుంచి జవాబు రావాల్సిన ప్రశ్నలు కూడా పరీక్షల గురించి కావు. బషీరాబాద్ సరిహద్దు పల్లెకు అర్ధరాత్రి 108 ఎంతసేపట్లో వస్తోంది? సబ్ సెంటర్‌లో డెక్సామెథసోన్ ఉందా, ఏఎన్ఎంకు దాన్ని ఇచ్చే శిక్షణ ఉందా? తాండూరులో రాత్రిపూట స్పెక్యులమ్ పరీక్ష చేసే డాక్టర్, సీఆర్‌పీ చేసే ల్యాబ్ అందుబాటులో ఉంటున్నాయా? 32 వారాల బిడ్డ పుడితే అక్కడే చూసుకోగలరా, లేక కడుపులో బిడ్డ ఉండగానే తల్లిని హైదరాబాద్ పంపాలా? పుట్టాక బిడ్డను అంబులెన్స్‌లో తరలించడం కంటే, కడుపులో ఉండగా తల్లిని తరలించడమే బిడ్డకు క్షేమం కాబట్టి ఈ చివరి నిర్ణయం ముందే జరగాలి.

ఈ నాలుగింటికీ సరైన సమాధానం ఉన్న రోజున సీబీపీ కాగితం మీది నంబర్ కూడా తన పని తాను చేస్తుంది. లేకపోతే ఎంత గొప్ప మార్కర్ కనిపెట్టినా, ఆ రిపోర్టు చేతికొచ్చేసరికి కాన్పు అయిపోయి ఉంటుంది.